మన కుంటకు లండన్ పైసలు: 70 పైసల మాట 30కి ఎట్ల పడ్డది?

మా పాలమూరు దిక్కు వాటర్‌షెడ్ పనులంటే తెల్వనోళ్లు లేరు. రాతికట్టలు, చెక్‌డ్యాములు, ఊట కుంటలు. 1999ల మొదలైన ఏపీ గ్రామీణ జీవనోపాధుల ప్రాజెక్టు కింద మహబూబ్‌నగర్, నల్లగొండ, అనంతపురం, కర్నూలు, ప్రకాశం జిల్లాలల్ల గిసోంటి పనులు అయినయి. ఆ పైసలు బ్రిటన్ సర్కారువి. అంటే అక్కడ పన్ను కట్టే మామూలు జనానివి.

ఈ ముచ్చట తెలిసినప్పుడు నాకొక అనుమానమొచ్చింది. మనకు ఓటే లేని దేశంల, మన కుంట గురించి ఏ పార్టీకైనా ఏం పట్టింది?

పట్టించుకున్నది లేబర్ పార్టీ. అంతకుముందు సాయం పైసలు విదేశాంగ శాఖ చేతిల ఉండె. మలేసియాల పెర్గావ్ డ్యాముకు ఇచ్చిన సాయానికి ఆయుధాల బేరంతోని లంకె ఉందని పెద్ద లొల్లి అయింది. ఆ సాయం చట్టవిరుద్ధమని 1994ల లండన్ హైకోర్టు తేల్చింది. 1997ల గెలిచిన లేబర్, సాయానికి వేరే శాఖ పెట్టింది. క్లేర్ షార్ట్ దానికి మంత్రి. సాయం పేదరికం తగ్గించెతందుకే ఉండాలని 2002ల చట్టం చేసిన్రు.

అట్లని అంతా పుణ్యమే అనుకోవద్దు. మన దగ్గర కరెంటు సంస్కరణలకు, సర్కారు కంపెనీలను అమ్ముడు, మూసుడు కార్యక్రమానికి పైసలిచ్చింది గూడ గా శాఖనే.

ఇగ లెక్క సూడుండ్రి. ధనిక దేశాలు 100 రూపాయల ఆదాయంల 70 పైసలు పేద దేశాలకియ్యాలని ఐక్యరాజ్యసమితి 1970ల చెప్పింది. బ్రిటన్ 2013ల ఆ లెక్క అందుకున్నది. 2015ల, కన్జర్వేటివ్, లిబరల్ డెమోక్రాట్ల సర్కారున్నప్పుడు, అది చట్టమైంది. 2020ల కన్జర్వేటివ్ సర్కారు ఆ వేరే శాఖను మళ్ల విదేశాంగ శాఖల కలిపింది. 2021ల కరోనా పేరు చెప్పి 70 పైసలను 50 చేసింది. అప్పుడు లేబర్ గట్టిగనే కొట్లాడింది. పైసలు కుదిరినంక మళ్ల 70 చేస్తమని 2024 మేనిఫెస్టోల రాసింది.

గెలిచి ఏడాది గూడ కాలే. 2025 ఫిబ్రవరిల ప్రధాని కీర్ స్టార్మర్, 2027 నాటికి 30 పైసలకు తగ్గిస్తమన్నడు. మిగిలింది సైన్యానికి. సొంత పార్టీ మంత్రి అనెలీస్ డాడ్స్ రాజీనామా చేసింది. ఇచ్చేదాంట్ల గూడ అంతా బయటి దేశాలకు పోదు. 2023ల నాలుగో వంతు కంటె ఎక్కువ బ్రిటన్‌లనే, శరణార్థుల వసతి ఖర్చులకు పోయింది.

మరి చట్టం ఏం చేసింది? లెక్క తప్పితే కారణమేందో మంత్రి పార్లమెంటుకు చెప్పాలె. గంతే. జుర్మానా లేదు, కోర్టు లేదు.

మన దేశానికి ఆ గ్రాంట్లు 2015లనే ఆగినయి కాబట్టి మనకేం బాధ లేదనుకోవచ్చు. కానీ ఆఫ్రికాల మందులకు, మంచినీళ్లకు ఆ పైసల మీద ఆధారపడ్డ ఊర్లున్నయి. వాళ్లకు లండన్‌ల ఓటు లేదు. అందుకే ఖర్చు తగ్గించాలంటే ముందు వాళ్ల దాని మీదనే కత్తెర పడ్తది.

గందుకే తమ్ముళ్లూ, చెల్లెండ్లూ, ఏ పార్టీ అయినా పేదరికం పోగొడ్తమంటే మూడు మాటలడగుండ్రి. ఎన్ని పైసలు? ఎవరి చేతిల? మాట తప్పితే మిమ్ములను అడిగెటోడెవడు? మూడోదానికి జవాబు లేకుంటే, మొదటి రెండిటిని నమ్ముకోవద్దు.