హీటర్‌ కొనే ముందు... లెక్క చూశారా?

బీటెక్‌ అయింది. బ్రిటన్‌లో మాస్టర్స్‌ కూడా పూర్తయింది. గ్రాడ్యుయేట్‌ వీసా చేతికొచ్చింది కానీ కోరుకున్న ఉద్యోగం ఇంకా దొరకలేదు. ఈలోపు ఒక పాత వ్యాన్‌ కొని, ఇళ్ల కిటికీ అద్దాలు శుభ్రం చేసే పని సొంతంగా మొదలుపెడదామని మీకు ఆలోచన వచ్చిందనుకోండి. వ్యాన్‌, నీళ్ల ట్యాంకు, పంపు, పొడవాటి బ్రష్‌ అన్నీ కుదిరాయి. చివరికి ఒక ప్రశ్న మిగిలింది: ‘వేడి నీళ్ల హీటర్‌ పెట్టించాలా? పెట్టిస్తే ఏది?’

మీరు ఆ దేశం వెళ్లకపోయినా ఈ ప్రశ్నతో ఓ అరగంట కూర్చోండి. ఇంటర్‌ ఫిజిక్స్‌, పెట్టుబడి లెక్క, ప్రాణ భద్రత... మూడూ ఇందులో ఉన్నాయి. యంత్రం కొనడమంటే బ్రోచర్‌ చూసి ఎంచుకోవడం కాదనీ, ముందు మన అవసరాన్ని అంకెల్లోకి మార్చడమనీ ఇక్కడ బాగా అర్థమవుతుంది.

అసలు పని ఎలా జరుగుతుంది?

బ్రిటన్‌లో నిచ్చెన ఎక్కి అద్దాలు తుడవడం బాగా తగ్గింది. వీలైతే ఎత్తుకు ఎక్కకుండానే పని చేయాలని అక్కడి 2005 నిబంధనలు చెబుతున్నాయి. అందుకే నేలమీదే నిలబడి, కార్బన్‌ ఫైబర్‌ గొట్టం చివర ఉన్న బ్రష్‌తో రుద్దుతారు. వ్యాన్‌లోని ట్యాంకు నుంచి నీళ్లు ఆ బ్రష్‌ దాకా వస్తాయి. వాటిని ముందుగా ఆర్‌ఓ, ఆ తర్వాత రెజిన్‌ ఫిల్టర్‌ ద్వారా పంపి టీడీఎస్‌ను సున్నాకు తెస్తారు. కరిగిన లవణాలు లేవు కాబట్టి అద్దం ఆరాక మరకలు మిగలవు. గుడ్డతో తుడవాల్సిన పనీ ఉండదు.

మరి వేడి నీళ్లెందుకు? జిడ్డు, ఎండిపోయిన పక్షి రెట్టలు త్వరగా వదులుతాయి. చలికాలంలో గొట్టాలు బిరుసెక్కవు. చేతులు కొంకర్లు పోవు. అయితే ఒక్కటి గుర్తుంచుకోండి. చల్లటి శుద్ధ జలంతోనూ పని బాగానే అవుతుంది. హీటర్‌ సౌకర్యమే కానీ తప్పనిసరి కాదు.

ఇంటర్‌ సూత్రం ఇక్కడ పనికొస్తుంది

ద్రవ్యరాశి × విశిష్టోష్ణం × ఉష్ణోగ్రతలో తేడా. పరీక్ష రాసి మర్చిపోయిన సూత్రమే ఇది. నీటి విశిష్టోష్ణం కిలోకు, డిగ్రీకి 4.2 కిలోజౌళ్లు. ట్యాంకులో నీళ్లు 10 డిగ్రీల దగ్గర ఉన్నాయి, మనకు 45 డిగ్రీలు కావాలి. అంటే తేడా 35.

నిమిషానికి 1 లీటరు వాడితే 35 × 4.2 = 147 కిలోజౌళ్లు. దాన్ని 60తో భాగిస్తే దాదాపు 2.5 కిలోవాట్లు. ఒక మనిషి మామూలుగా నిమిషానికి 2 లీటర్ల దాకా వాడతాడనుకుంటే 5 కిలోవాట్లు కావాలి. ఇద్దరు ఒకేసారి పనిచేస్తే 10.

ఈ ఒక్క లెక్క చేతిలో ఉంటే సేల్స్‌మన్‌ మాటలకు పడిపోరు. ‘వ్యాన్‌ బ్యాటరీ మీదే నడుస్తుంది’ అని ఎవరైనా అన్నారనుకోండి. 12 వోల్టుల, 100 యాంపియర్‌ అవర్ల బ్యాటరీలో ఉండేది 1.2 యూనిట్లే. 2.5 కిలోవాట్లు లాగితే అరగంటలోపే ఖాళీ! అదీ నిమిషానికి ఒక్క లీటరుకు.

ముందున్న దారులు మూడు

కరెంటు: రాత్రి ఇంటి దగ్గర ట్యాంకులోనే 3 కిలోవాట్ల ఇమ్మర్షన్‌ హీటర్‌ పెట్టి నీళ్లు కాచుకోవడం. 400 లీటర్లను 35 డిగ్రీలు పెంచడానికి 16 యూనిట్లకు పైగా, అంటే దాదాపు ఐదున్నర గంటలు పడుతుంది. యూనిట్‌ 25 పెన్నీలు అనుకుంటే 4 పౌండ్లు. పగలు మంట ఉండదు, పొగ ఉండదు. చిక్కేమిటంటే ట్యాంకుకు మంచి ఇన్సులేషన్‌ కావాలి. వ్యాన్‌ను ఇంటి ఆవరణలోనే నిలిపే చోటూ ఉండాలి. అద్దె గదిలో ఉంటూ వీధిలో పార్క్‌ చేసేవాళ్లకు ఇది కుదరదు. పొద్దున్నే కస్టమర్లు వద్దంటే కాచిన నీళ్లూ వృథాయే.

డీజిల్‌: వాహనాల కోసం వెబాస్టో, ఎబర్‌స్పాషర్‌ వంటి కంపెనీలు చేసే హీటర్లకు ఒక హీట్‌ ఎక్స్‌చేంజర్‌ జోడిస్తారు. 5 కిలోవాట్ల రకం గంటకు సుమారు 0.6 లీటరు డీజిల్‌ తాగుతుంది. మన లెక్క ప్రకారం ఒక మనిషికి సరిగ్గా సరిపోతుంది. ఎంత వాడితే అంతే వేడి చేస్తుంది. కానీ కొనుగోలు, బిగింపు ఖర్చు ఎక్కువ. ఫ్యాన్‌కూ పంపుకూ బ్యాటరీ కావాలి, సర్వీసింగూ తప్పదు.

గ్యాస్‌: సిలిండర్‌తో నడిచే ఇన్‌స్టంట్‌ హీటర్‌. ధర తక్కువ కాబట్టి మొదట కన్ను దీనిమీదే పడుతుంది. అయితే లేబుల్‌ మీద ‘కనీస ప్రవాహం’ ఎంతో చూడండి. నిమిషానికి రెండు, రెండున్నర లీటర్లు పారితేగానీ వెలగని మోడళ్లున్నాయి. మీరు వాడేది అంతకంటే తక్కువైతే అది మాటిమాటికీ ఆరిపోతుంది.

దారి ఏదైనా రెండు జాగ్రత్తలు. ముందు శుద్ధి, తర్వాతే వేడి. వేడి నీళ్లను ఆర్‌ఓ పొరలోకి పంపితే అది పాడవుతుంది. ఇక మంచు పట్టిన అద్దం మీద మరీ వేడి నీళ్లు ఒక్కసారిగా పోస్తే అద్దం పగలొచ్చు. వేడి ఎంత ఎక్కువుంటే అంత మంచిదనుకోవద్దు.

చౌక అని ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు

మన దగ్గర కిటికీ లేని బాత్‌రూమ్‌లో గ్యాస్‌ గీజర్‌ పెట్టుకుని ప్రాణాలు పోగొట్టుకున్న వార్తలు చదివే ఉంటారు. తలుపులు మూసిన వ్యాన్‌ ఆ బాత్‌రూమ్‌ కంటే చిన్నది. గాలి సరిగా అందక మండితే కార్బన్‌ మోనాక్సైడ్‌ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, మగత అనుకునేలోపే మనిషి పడిపోతాడు. ఎల్పీజీ లీకైతే గాలి కంటే బరువు కాబట్టి వ్యాన్‌ అడుగున పేరుకుంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు.

అందుకే ఆరుబయట వాడాల్సిన క్యాంపింగ్‌ హీటర్‌ను వ్యాన్‌లో బిగించకండి. పొగ పూర్తిగా బయటికి పోయేలా గొట్టం, నేల దగ్గర గాలి రంధ్రాలు, కార్బన్‌ మోనాక్సైడ్‌ అలారం ఉండాలి. గ్యాస్‌ పని చేయించాల్సింది ‘గ్యాస్‌ సేఫ్‌’ రిజిస్టర్‌లో ఉన్న, ఇలాంటి పనికి అర్హత ఉన్న నిపుణుడితోనే. డీజిల్‌ హీటర్‌ పొగ గొట్టానికీ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. ఇవన్నీ కలిపాక గ్యాస్‌ నిజంగా చౌకేనా అని మళ్లీ లెక్క వేయండి.

బరువు సంగతీ మరవొద్దు. 400 లీటర్ల నీళ్లంటే 400 కిలోలు. సడన్‌ బ్రేక్‌ వేస్తే అంత బరువూ మీ వీపు మీదికి వస్తుంది. ట్యాంకును వ్యాన్‌ చట్రానికి గట్టిగా బిగించాలి. వ్యాన్‌ మోయగల బరువులో నీళ్లు, ట్యాంకు, హీటర్‌, మీరు అందరూ ఇమడాలి. చేసిన మార్పులు ఇన్సూరెన్స్‌ వాళ్లకు చెప్పాలి.

పెట్టుబడి ఎప్పటికి తిరిగొస్తుంది?

ఉదాహరణకు డీజిల్‌ హీటర్‌కు బిగింపుతో కలిపి 2,400 పౌండ్లు అయిందనుకుందాం. దానివల్ల చలికాలంలో రోజుకు ఒక ఇల్లు ఎక్కువ చేసి 15 పౌండ్లు అదనంగా సంపాదించారు. 400 లీటర్లు నిమిషానికి 2 చొప్పున 200 నిమిషాలు వస్తాయి. అంటే 2 లీటర్ల డీజిల్‌. లీటరు ఒకటిన్నర పౌండ్‌ వేసుకుంటే 3 పౌండ్లు పోయి మిగిలేది 12. పెట్టుబడి రావడానికి 200 రోజులు! నవంబరు నుంచి మార్చి దాకా పనిదినాలు వంద చొప్పున చూసినా రెండు చలికాలాలు గడవాలి.

ఆ రెండో చలికాలానికి మీరు అక్కడే, ఈ పనిలోనే ఉంటారా? వీసా గడువు ఎంత మిగిలింది? మంచి ఉద్యోగం వస్తే వ్యాన్‌ వదిలేస్తారా? అసలు ప్రశ్నలు ఇవీ. మొదటి ఏడాది చల్లటి నీళ్లతోనే లాగించి, ఆ డబ్బును మంచి ఫిల్టర్‌కూ, కస్టమర్లను పెంచుకోవడానికీ పెట్టడం చాలామంది కొత్తవాళ్లకు తెలివైన పని. కస్టమర్‌ చూసేది అద్దం మెరిసిందా లేదా అన్నదే.

మన ఊళ్లో అయితే?

ఇదే సరంజామాతో ఇక్కడ సోలార్‌ ప్యానెళ్లు, ఆఫీసుల అద్దాలు శుభ్రం చేసే పని పెట్టుకోవచ్చు. కానీ హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో హీటర్‌ దండగ. మన నీళ్లు ఏడాదిలో ఎక్కువ రోజులు గోరువెచ్చగానే ఉంటాయి. ఇక్కడి సమస్య బోరు నీళ్ల టీడీఎస్‌. లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా తాగడానికి పర్వాలేదన్నారు గానీ, అద్దం మీద అవే నీళ్లు తెల్లటి మరకలు మిగులుస్తాయి. కాబట్టి డబ్బు పెట్టాల్సింది శుద్ధి మీద. చోటు మారితే యంత్రం మారుతుంది. లెక్కవేసే పద్ధతి మాత్రం మారదు.

ముద్ర, పీఎంఈజీపీ రుణాలకు ప్రాజెక్టు రిపోర్టు రాసేటప్పుడూ ఇదే వరుస పాటించండి: అవసరం ఎంత, దానికి తగిన సామర్థ్యం ఎంత, రోజుకు ఖర్చెంత, ఎన్నాళ్లకు తిరిగొస్తుంది. మెకానికల్‌, కెమికల్‌ ఇంటర్వ్యూల్లో ‘ఈ పనికి ఎంత హీటర్‌ కావాలి?’ లాంటి ప్రశ్న వస్తే బ్రాండ్‌ పేరు చెప్పకుండా ‘నిమిషానికి ఎన్ని లీటర్లు, ఎన్ని డిగ్రీల తేడా?’ అని తిరిగి అడగండి. మీకు సబ్జెక్టు వంటబట్టిందని ఆ ఒక్క మాటతో తెలిసిపోతుంది.

వెళ్లేవారు గుర్తుంచుకోండి

* స్టూడెంట్‌ వీసాపై ఉండగా సొంత వ్యాపారం చేయకూడదు. డిగ్రీ స్థాయి విద్యార్థులకు తరగతులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటల ఉద్యోగమే. గ్రాడ్యుయేట్‌ వీసాపై స్వయం ఉపాధికి వీలుంది.
* స్కాట్లాండ్‌లో కిటికీలు శుభ్రం చేసే పనికి స్థానిక కౌన్సిల్‌ లైసెన్స్‌ కావాలి.
* మన డ్రైవింగ్‌ లైసెన్స్‌ అక్కడ 12 నెలలే చెల్లుతుంది. ఆ తర్వాత అక్కడి పరీక్ష పాసవ్వాలి.

హీటర్‌ బుక్‌ చేసే ముందు ఒక తెల్ల కాగితం తీసుకోండి. లీటర్లు, డిగ్రీలు, పౌండ్లు, రోజులు... నాలుగు అంకెలు రాయండి. అవి ఒప్పుకుంటేనే డబ్బు కట్టండి.