కంప్యూటరు తిథిగణనము

గడియారమును, పంచాంగమును చూచి మనము వేళ తెలిసికొందుము. యూనిక్స్ సంప్రదాయమున నడచు కంప్యూటరులు మాత్రము విశ్వకాలము ప్రకారము 1970 జనవరి 1వ తేదీ అర్ధరాత్రినుండి గడచిన సెకనులను లెక్కించును. అప్పుడు మన గడియారములలో ఉదయము 5 గంటల 30 నిమిషములు.

సి భాషలో సెకనులను స్థానిక కాలముగను, విశ్వకాలముగను మార్చుటకు వేర్వేరు ఫంక్షనులు కలవు. తేదీని తిరిగి సెకనులుగా మార్చుటకు మాత్రము చిరకాలము ఎంకేటైమ్ ఒక్కటియే ప్రమాణములో ఉండెను. అది ప్రతి తేదీని స్థానికమనియే భావించును. విశ్వకాలమున వ్రాసిన వేళను అందించినచో హైదరాబాదులో ఫలితము 19,800 సెకనులు తగ్గును; న్యూయార్కులో తప్పు వేరొక తీరు, అదియును వేసవికొకటి, శీతకాలమునకొకటి! వైద్యశాలలో మందు ఇచ్చిన వేళయు ఇట్లే తారుమారు కాగలదు.

కొందరు కాలమండలమును క్షణకాలము మార్చి, లెక్క ముగియగనే యథాస్థితికి తెత్తురు. ఈ ఉపాయము మాకు రుచింపదు. అదే ప్రోగ్రాములో అప్పుడే నడచుచున్న మరియొక భాగము ఆ మారిన మండలమును చూచి తప్పు గంట వ్రాయవచ్చును. టైంజీఎం అను ఫంక్షను నేరుగా ఈ పని చేయును గాని, సి23 ప్రమాణమునకు పూర్వము అది కొన్ని వ్యవస్థలలోనే దొరకెడిది.

కావున దినములను మనమే లెక్కించుట మేలు. 1970నుండి 2000 జనవరి 1 వరకు ముప్పది ఏండ్లు. ఏటికి 365 చొప్పున 10,950 దినములు, లీపు దినములు 7, వెరసి 10,957. వానిని 86,400 చే గుణించిన 94,66,84,800 సెకనులు. 2000 లీపు సంవత్సరమే గాని 2100 కాదని మరువరాదు.

మరియొక చిక్కు కలదు. లెక్క కుదరనప్పుడు ఎంకేటైమ్ −1 అని చెప్పును. కాని మన దేశమున 1970 జనవరి 1 ఉదయము 5 గంటల 29 నిమిషముల 59 సెకనులకు సరియైన జవాబు కూడ −1యే.