పక్షవాతానికి మూలం గుండెలోనూ ఉండవచ్చు: పాతబస్తీకి వైద్య పరిశోధనల సూచనలు

ప్రత్యేక వ్యాసం

హైదరాబాద్: వేసవిలో వడదెబ్బను 'సన్ స్ట్రోక్' అని, ఆకస్మిక మరణాలను 'హార్ట్ స్ట్రోక్' అని, పక్షవాతాన్ని 'బ్రెయిన్ స్ట్రోక్' అని వార్తలలో రాయడం పరిపాటి అయింది. ఈ మూడూ వేర్వేరు స్థితులు. వడదెబ్బ శరీర ఉష్ణోగ్రత అదుపు తప్పడం వల్ల కలుగుతుంది. గుండెపోటు గుండె కండరానికి రక్తం అందకపోవడం వల్ల వస్తుంది. పక్షవాతం మెదడుకు సంబంధించినది. 'హార్ట్ స్ట్రోక్' పేరుతో వైద్యశాస్త్రంలో వ్యాధి ఏదీ లేదు. అయితే గుండెలో పుట్టి మెదడును దెబ్బతీసే పక్షవాతం ఒకటి ఉన్నది. దానిని ముందుగా పసిగట్టవచ్చు, చాలా వరకు నివారించవచ్చు. ఈ విషయమై గత రెండు దశాబ్దాలలో జరిగిన పరిశోధనల సారాంశాన్ని పాత్రికేయుల, అధికారుల అవగాహన నిమిత్తం ఈ వ్యాసంలో వివరించడం జరిగింది.

పాతబస్తీలో పక్షవాతాన్ని ఫాలిజ్ అని, మూతి వంకరపోతే లఖ్వా అని వ్యవహరిస్తారు. గాలి సోకిందని భావించి, ముందుగా తైలమర్దనకో తాయెత్తుకో పూనుకునే కుటుంబాలు అన్ని మతాలవారిలోనూ ఉన్నాయి. ఈ ఆలస్యం వల్ల కలిగే నష్టం పూడ్చరానిది. చికిత్స అందని పెద్ద పక్షవాతంలో నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని 2006లో ప్రచురితమైన ఒక అంచనా తెలియజేస్తున్నది.

గుండె నుండి మెదడుకు

పక్షవాతం ప్రధానంగా రెండు విధాలు. మెదడులోని రక్తనాళం చిట్లి రక్తస్రావం కావడం ఒకటి. రక్తనాళం పూడుకుపోయి మెదడులో కొంత భాగానికి రక్తం అందకపోవడం రెండవది. ఈ పూడిక మెదడు రక్తనాళంలోనే కొవ్వు పేరుకొని ఏర్పడవచ్చు, మెడలోని రక్తనాళం నుండి రావచ్చు, గుండెలో గడ్డకట్టిన రక్తం కొట్టుకొని వచ్చి కూడా ఏర్పడవచ్చు.

గుండె పై గదులు క్రమబద్ధంగా ముడుచుకొనక, లయ తప్పి అదరడాన్ని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. పై గదిలో రక్తం నిలిచిపోయిన చోట గడ్డ కడుతుంది. ఆ గడ్డ ఏదో ఒక క్షణాన కదిలి రక్తప్రవాహంతో మెదడుకు చేరుతుంది. ఈ లయదోషం ఉన్నవారికి పక్షవాతం వచ్చే అవకాశం ఇతరుల కంటె సుమారు 5 రెట్లు అధికమని అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ పట్టణంలో జరిగిన దీర్ఘకాలిక అధ్యయనం వెల్లడించింది. లయదోషానికి కీళ్లవాతం వల్ల దెబ్బతిన్న గుండె కవాటం తోడైతే ఆ ముప్పు సుమారు 17 రెట్లని అదే అధ్యయనం 1978లో తెలిపింది.

నిమ్స్ అధ్యయనం

మన నగరంలో పరిస్థితి ఏమిటన్న ప్రశ్నకు నిజామ్ వైద్య విజ్ఞాన సంస్థ (నిమ్స్) నాడీవైద్య విభాగానికి చెందిన డాక్టర్ సుభాష్ కౌల్, ఆయన సహచరులు 2002లో 'న్యూరాలజీ ఇండియా' పత్రికలో సమాధానమిచ్చారు. ఆసుపత్రిలో నమోదైన రోగుల వివరాల ఆధారంగా, పూడిక వల్ల వచ్చిన పక్షవాతాలను వారు కారణాలవారీగా వర్గీకరించారు. సుమారు 41 శాతం కేసులలో పెద్ద రక్తనాళాలలో కొవ్వు పేరుకొనడం కారణమని తేలింది. వీటిలో పాశ్చాత్య దేశాలకు భిన్నంగా మెదడు లోపలి రక్తనాళాల పూడిక అధికంగా కనిపించింది. సుమారు 10 శాతం కేసులలో గడ్డ గుండె నుండి వచ్చినట్లు గుర్తించారు. సుమారు 27 శాతం కేసులలో కారణం నిర్ధారణ కాలేదు.

ఈ చివరి అంకె ప్రత్యేకంగా గమనింపదగినది. కారణం తెలియని పక్షవాతాలలో కొన్నింటికి మూలం గుండెలోనే దాగి ఉండవచ్చునని తదుపరి పరిశోధనలు చూపాయి. లయదోషం కొందరిలో వచ్చి పోతూ ఉంటుంది. ఆసుపత్రిలో కొన్ని క్షణాల పాటు తీసే ఈసీజీకి అది చిక్కదు. 2014లో ప్రచురితమైన కెనడా అధ్యయనం 'ఎంబ్రేస్'లో, కారణం తెలియని పక్షవాతం వచ్చినవారిని 24 గంటలు పరిశీలించినప్పుడు 3.2 శాతం మందిలోను, 30 రోజులు పరిశీలించినప్పుడు 16.1 శాతం మందిలోను ఈ లయదోషం బయటపడింది. అయితే కారణం తెలియని రోగులందరికీ రక్తం గడ్డకట్టకుండా చేసే మందులు ఇవ్వడం వల్ల, ఆస్పిరిన్‌తో పోలిస్తే, అదనపు ప్రయోజనం లేదని 2018, 2019 సంవత్సరాలలో వెలువడిన రెండు పెద్ద అధ్యయనాలు తేల్చాయి. కనుక లయదోషాన్ని గుర్తించిన తరువాతనే ఆ మందులు వాడవలసి ఉంటుంది.

గొంతునొప్పితో మొదలై

ఇరుకు గదులలో ఎక్కువ మంది కలసి నివసించే బస్తీలలో పిల్లలకు స్ట్రెప్టోకాకస్ సూక్ష్మజీవి వల్ల గొంతునొప్పి రావడం, అది ఒకరి నుండి ఒకరికి సోకడం సులభం. దానిని నిర్లక్ష్యం చేసినపుడు కొందరు పిల్లలకు కీళ్లవాత జ్వరం వస్తుంది. సాధారణంగా 5 నుండి 15 ఏళ్ల లోపు వారు దీని బారిన పడతారు. కీళ్ల నొప్పులు కొద్ది వారాలలో తగ్గిపోతాయి. గుండె కవాటానికి కలిగిన నష్టం మాత్రం నిలిచిపోతుంది. కవాటం క్రమంగా ఇరుకై, ఏళ్ల తరబడి ఏ లక్షణమూ కనిపించకుండా ఉండి, ఆయాసంతో గానీ, గర్భధారణ సమయంలో గానీ, ఒక్కొక్కసారి నేరుగా పక్షవాతంతో గానీ బయటపడుతుంది. అందువల్లనే ఈ తరహా పక్షవాతం వృద్ధులకే పరిమితం కాదు. సంసార బాధ్యతల నడుమ ఉన్న స్త్రీలు దీనికి ఎక్కువగా గురవుతున్నారు.

ఇది నివారింపదగిన వ్యాధి. కీళ్లవాత జ్వరం వచ్చిన పిల్లలకు 3 లేదా 4 వారాలకు ఒకసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ ఇవ్వడం దీర్ఘకాలంగా ఉన్న పద్ధతి. లక్షణాలు లేకున్నా ఎకో పరీక్షలో కవాట దోషం కనిపించిన 818 మంది పిల్లలపై ఉగాండాలో జరిపిన అధ్యయనం 2022లో ప్రచురితమైంది. 2 సంవత్సరాల కాలంలో పెన్సిలిన్ పొందినవారిలో 0.8 శాతం మందికి, పొందనివారిలో 8.2 శాతం మందికి వ్యాధి ముదిరినట్లు అందులో తేలింది.

పాత మాత్రకే మొగ్గు

కీళ్లవాత గుండెజబ్బుతో పాటు లయదోషం ఉన్నవారికి వార్ఫరిన్, అసినోకుమరాల్ వంటి మాత్రలు దశాబ్దాలుగా ఇస్తున్నారు. ఇవి చవకైనవి. అయితే రక్తం గడ్డకట్టే వేగాన్ని తెలిపే ఐఎన్ఆర్ పరీక్షను తరచు చేయించుకొనవలసి ఉంటుంది. ఈ పరీక్ష అవసరం లేని కొత్త మందులు 2009 తరువాత ఒకటొకటిగా వచ్చాయి. కవాట దోషం లేని లయదోషంలో అవి చక్కగా పనిచేశాయి. పేదవారికి పరీక్షల భారం తప్పుతుంది గనుక కీళ్లవాత రోగులకు కూడా కొత్త మందులే మేలని పలువురు భావించారు.

ఈ అంశాన్ని తేల్చుటకు భారతదేశంతో సహా ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికాలలోని 24 దేశాలలో 'ఇన్విక్టస్' అధ్యయనం జరిగింది. ఫలితాలు 2022లో వెలువడ్డాయి. 4,531 మంది రోగుల వివరాలను విశ్లేషించారు. వారి సగటు వయస్సు సుమారు 50 ఏళ్లు కాగా, 72 శాతం మంది స్త్రీలు. సగటున 3 సంవత్సరాల పరిశీలనలో, కొత్త మందు రివరాక్సబాన్ తీసుకున్న వర్గంలో 552 మంది, పాత మాత్రలు తీసుకున్న వర్గంలో 442 మంది మరణించారు. పక్షవాతాలు కూడా పాత మాత్రల వర్గంలోనే తక్కువగా నమోదయ్యాయి. తీవ్ర రక్తస్రావం విషయంలో చెప్పుకోదగిన వ్యత్యాసం కనిపించలేదు.

మరొక విషయం గమనార్హం. అధ్యయనంలో చేరే నాటికి పాత మాత్రలు వాడుతున్నవారిలో సుమారు మూడింట ఒక వంతు మందికే ఐఎన్ఆర్ సరైన స్థాయిలో ఉన్నది. తదుపరి కాలంలో అది సగానికి పైగా మెరుగైంది. అంటే నియంత్రణ సంపూర్ణంగా లేకున్నా పాత మాత్ర మేలు చేసింది. ఇందుకు కారణం పూర్తిగా తేలలేదు. పరీక్ష నిమిత్తం నెలనెలా వైద్యుని కలవడం కూడా ఒక కారణం కావచ్చునన్న అభిప్రాయం నిపుణులలో ఉన్నది.

ఈ ఫలితం పాతబస్తీ వంటి ప్రాంతాలకు నేరుగా వర్తిస్తుంది. ఇక్కడ రోగికి కావలసినది ఖరీదైన మందు కాదు. ఇంటికి దగ్గరలో ఐఎన్ఆర్ పరీక్ష, నెల తప్పకుండా మాత్ర, తన వివరాలు తెలిసిన వైద్యుడు ఆమెకు కావాలి. పరీక్ష కోసం ఒక పూట కూలి పోగొట్టుకొని, రెండు బస్సులు మారి వెళ్లవలసిన స్త్రీ మూడవ నెలలో పరీక్ష మానివేస్తుంది. నాలుగవ నెలలో మాత్ర కూడా మానివేయవచ్చు. నగరంలో 2018లో ప్రారంభమైన బస్తీ దవాఖానాలకు, అదే సంవత్సరం ప్రారంభమైన తెలంగాణ డయాగ్నొస్టిక్స్‌కు మధ్య రక్త నమూనాల రవాణా మార్గం ఏర్పడి ఉన్నది. కవాట రోగుల ఐఎన్ఆర్ పరీక్షకు ఈ మార్గం ఎంతవరకు ఉపకరించగలదో సంబంధిత అధికారులు పరిశీలించదగిన విషయం.

రోగులు పాటించవలసినవి

ఈ మాత్రలు వాడేవారిలో అధికులకు ఐఎన్ఆర్ 2 నుండి 3 మధ్య ఉండవలెను. కృత్రిమ కవాటం అమర్చినవారికి వైద్యులు వేరే స్థాయిని సూచించవచ్చు. పాలకూర, తోటకూర, మెంతికూర వంటి ఆకుకూరలు మానవలసిన అవసరం లేదు. ఒక వారం అధికంగా, మరొక వారం అసలు లేకుండా కాక, ఒకే పరిమాణంలో తినడం ముఖ్యం. నొప్పి మాత్రలు, యాంటీబయాటిక్‌లు, మూలికా ఔషధాలు వైద్యునికి తెలుపకుండా వాడరాదు. రంజాన్ ఉపవాసాలు పాటించేవారు మాత్ర మానవద్దు. రోజుకొక మాత్రే గనుక ఇఫ్తార్ అనంతరం తీసుకొనవచ్చునా అన్నది వైద్యుని ముందుగానే అడిగి తెలుసుకోవాలి. గర్భం ధరించదలచినవారు, ధరించినవారు వెంటనే వైద్యుని సంప్రదించాలి. తొలి మాసాలలో వార్ఫరిన్ వల్ల శిశువుకు హాని కలుగవచ్చు. అయితే స్వయంగా మాత్ర మానివేయడం తల్లికి ప్రమాదకరం.

మూడు వేళ్లు, ఒక నిమిషం

లయదోషాన్ని పసిగట్టుటకు తొలి సాధనం వైద్యుని మూడు వేళ్లే. మణికట్టు వద్ద నాడిని ఒక నిమిషం పాటు పరిశీలిస్తే, అది క్రమం తప్పి కొట్టుకుంటున్నదో లేదో తెలుస్తుంది. తేడా ఉన్నపుడు ఈసీజీతో నిర్ధారించాలి. రక్తపోటు చూసే ప్రతిసారీ నాడిని కూడా చూడడం అలవాటైతే అదనపు వ్యయం లేకుండానే పలువురిని గుర్తించవచ్చు.

గుండె మాట ఎంత చెప్పినా, పక్షవాతానికి అతి పెద్ద కారణం అధిక రక్తపోటే. పది రకాల కారణాలే పక్షవాత ముప్పులో సుమారు 90 శాతానికి మూలమని 2010లో 22 దేశాల 'ఇంటర్‌స్ట్రోక్' అధ్యయనం తెలిపింది. వాటిలో రక్తపోటుది అగ్రస్థానం. రక్తపోటు నియంత్రణకై కేంద్ర ప్రభుత్వం, రాష్ట్రాలు, ప్రపంచ ఆరోగ్య సంస్థ తదితరుల భాగస్వామ్యంతో 2017లో ప్రారంభమైన జాతీయ కార్యక్రమంలో తొలి ఐదు రాష్ట్రాలలో తెలంగాణ ఒకటి.

నాలుగున్నర గంటలు

మూతి వంకర పోవడం, ఒక చేయి లేదా కాలు పట్టు తప్పడం, మాట తడబడడం, చూపు హఠాత్తుగా మందగించడం పక్షవాత లక్షణాలు. ఇవి కొద్ది నిమిషాలలో వాటంతట అవే తగ్గిపోయినా ఆసుపత్రికి వెళ్లవలసిందే. అది రానున్న పెద్ద పక్షవాతానికి హెచ్చరిక. గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపు ఇవ్వాలి. పెద్ద రక్తనాళంలోని గడ్డను సన్నని గొట్టం ద్వారా తొలగించే చికిత్స ప్రయోజనకరమని 2015లో వరుసగా వెలువడిన అధ్యయనాలు నిరూపించాయి. ఎంపిక చేసిన రోగులకు 24 గంటల వరకు కూడా అది ఉపకరించగలదని 2018లో తేలింది. ఐఎన్ఆర్ మాత్రలు వాడుతున్నవారు ఆ సంగతి ముందుగా చెప్పాలి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ వారికి ఇవ్వవచ్చునా లేదా అన్నది దానిపై ఆధారపడి ఉంటుంది.

2005 ఆగస్టు 15న ప్రారంభమైన 108 సేవకు ఫోన్ చేసినపుడు 'పక్షవాతం' అన్న మాట స్పష్టంగా చెప్పాలి. రోగి చివరిసారిగా బాగున్న సమయం తెలపాలి. వాహనం రాలేని గల్లీలలో రోగిని ఏ మలుపు వద్దకు తీసుకురావాలో ముందే నిర్ణయించుకొనడం మేలు. నీరు, ఆహారం, ఆస్పిరిన్ మాత్ర ఇవ్వరాదు. మెదడులో పూడికా, రక్తస్రావమా అన్నది స్కానింగ్ తరువాతనే తెలుస్తుంది. స్కానింగ్ సదుపాయం లేని చోటికి ముందుగా తీసుకొనిపోవడం వల్ల విలువైన సమయం వృథా అవుతుంది.

పిల్లల గొంతునొప్పికి సకాలంలో చికిత్స, పెద్దల నాడికి ఒక నిమిషం, కవాట రోగికి నెలకొక పరీక్ష, పక్షవాతం వచ్చిన వెంటనే 108. ఈ నాలుగింటిలో ఏదీ అరుదైన వైద్యం కాదు. పాత్రికేయులు తమ వార్తలలో గుండెపోటును, పక్షవాతాన్ని వేరువేరుగా పేర్కొని, లక్షణాలను, సమయ ప్రాధాన్యాన్ని రెండు వాక్యాలలో జోడించినచో ఆ వార్త చదివిన ఇంటిలో ఒక ప్రాణం నిలిచే అవకాశం ఉన్నది.