తీర్పు మీద తీర్పు

తిరుప్పూరు బనియన్ల తయారీకి పేరుపొందింది. అటువంటి ఊళ్ళో బాడుగ గదిలో కుట్టుమిషను పెట్టుకొని బతికేవానికి ఆ గదే జీవనాధారం. బాడుగ బాకీ ఉందని, ఖాళీ చేయాలని యజమాని అంటాడు. బాకీ లేదని ఇతడంటాడు. ఈ తగవు తీరేదెలా?

తమిళనాడులో 1960 నాటి చట్టం కింద బాడుగ నియంత్రణాధికారి మొదట విచారణ జరిపేవాడు. ఓడినవారు పై న్యాయాధికారికి అప్పీలు చేసుకొనేవారు. అప్పీలులో రసీదులను, సాక్ష్యాలను మళ్ళీ తూచి చూస్తారు. అక్కడా ఓడితే హైకోర్టులో రివిజను కోరేవారు.

రివిజను మరో అప్పీలు కాదు. కింది తీర్పు చట్టప్రకారం ఉందా, సాక్ష్యం లేకుండానే తీర్పు చెప్పారా, ఘోరమైన అన్యాయం జరిగిందా అన్నవే అందులో చూస్తారు. సాక్ష్యాలను మళ్ళీ తూచి వేరే నిర్ణయానికి రావడం హైకోర్టు పని కాదని 2014లో సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం స్పష్టం చేసింది.

2019 ఫిబ్రవరి 22న కొత్త చట్టం అమలులోకి వచ్చింది. దాని ప్రకారం బాడుగ ఒప్పందం రాతలో ఉండాలి. దాన్ని నమోదు చేయించాలి. తగవులను బాడుగ కోర్టు, దానిపైన బాడుగ ట్రిబ్యునలు విచారిస్తాయి.

చట్టం మారినా రసీదు విలువ తగ్గలేదు. మొదటి కోర్టులో చూపని కాగితం పై కోర్టులో అక్కరకు రావడం కష్టం.