రాబర్ట్ బర్న్స్ కవితలలో భాషాద్వయం – తెలుగు అనువాద సమస్య

1786 జూలైలో స్కాట్లండులోని కిల్మార్నక్ పట్టణాన రాబర్ట్ బర్న్స్ తన తొలి కవితా సంపుటిని ప్రకటించాడు. ముద్రితమైన ప్రతులు 612. ‘ప్రధానంగా స్కాట్లండు మాండలికంలో రచించినవి’ అని గ్రంథనామంలోనే చెప్పుకొన్న ఆ కవి గ్రంథాంతంలో ఒక పదార్థసూచికను చేర్చాడు. మరుసటి ఏట ఎడింబరో నుండి వెలువడిన కూర్పులో అది మరింత పెరిగింది. ఆ సూచిక ఎక్కువగా ఎవరికి అవసరమో ఊహించడం కష్టం కాదు.

ఈ కవితలను తెలుగు చేయబూనిన వారికి తొలి చిక్కు ఇక్కడే ఎదురవుతుంది. మూలం మాండలికం కనుక కృతి మొత్తాన్నీ పల్లెపలుకులోకి దింపితే సరిపోతుందా? సరిపోదని నా అభిప్రాయం. చిట్టెలుకను సంబోధిస్తూ 1785లో అతడు రచించిన కవితను పరిశీలించవచ్చు. పొలం దున్నుతుండగా ఎలుక గూడు చెదిరిపోయింది. తొలి పద్యంలో కవి ఆ భీతప్రాణిని అచ్చమైన స్కాట్ పలుకులతో పలకరిస్తాడు. రెండవ పద్యంలో మానవుని ఆధిపత్యం వల్ల ప్రాణికోటి నడుమ గల చెలిమి భంగమైనదన్న విచారం వ్యక్తమవుతుంది. అక్కడ భాష శిష్టమైన ఇంగ్లీషుగా మారుతుంది. మూడవ పద్యంలో కవి మళ్లీ పొలంలోకి దిగుతాడు. ఇరవైనాలుగు పనలలో ఎప్పుడో ఒక వెన్ను ఎత్తుకుపోతే నష్టమేమున్నదంటాడు. ‘పన’, ‘వెన్ను’ అనే మాటలు లేనిదే ఈ ఔదార్యం తెలుగులో పలకదు. ‘ధాన్యాంశం’ అన్నామా, శిస్తు లెక్కవలె ఉంటుంది.

1791లో అచ్చయిన ‘టామ్ ఓ షాంటర్’లోను ఇదే పోకడ కానవస్తుంది. తాగిన మైకంలో ఇంటిదారి పట్టిన రైతు కథ స్కాట్ భాషలో సాగుతూ, సుఖాల క్షణికత్వాన్ని ఉపమల పరంపరతో చెప్పేచోట ఇంగ్లీషువైపు ఒరుగుతుంది. కనుక ఈ మార్పు యాదృచ్ఛికం కాదు. కృతినంతటినీ ఒకే భాషలో అనువదిస్తే ఈ మార్పు వల్ల కలిగే ధ్వని నశిస్తుంది.

మన లాక్షణికుల దృష్టితో చూచినప్పుడు సమస్య మరింత స్పష్టపడుతుంది. మమ్మటుడు గ్రామ్యతను దోషాలలో పేర్కొని, అధమ పాత్రల సంభాషణలో అది గుణమే కాగలదని సడలింపు ఇచ్చాడు. సంస్కృత నాటకాలలోని ప్రాకృత వినియోగమూ పాత్రాశ్రయమే. బర్న్స్‌కు ఈ సడలింపు వర్తించదు. ఎలుక కవితలోని మాండలికం ఏ పాత్ర నోటిదీ కాదు. అది కవి స్వీయవాక్కు. 1786 డిసెంబరులో హెన్రీ మెకంజీ అతణ్ణి దైవమే విద్య నేర్పిన హాలికుడని కొనియాడాడు. ఇది అందమైన ప్రశంసే గాని పూర్తి సత్యం కాదు. షేక్స్పియరునూ పోపునూ చదివిన బర్న్స్ రెండు భాషలూ తెలిసి, చోటునుబట్టి ఎంచుకొన్నాడు.

హాలికకవి అనగానే మనకు పోతన స్ఫురిస్తాడు. ఆయన సేద్యం చేసి బ్రతికినాడని సంప్రదాయం చెబుతుంది. భాగవతంలోని భాష మాత్రం సేద్యగాని నోటిది కాదు. ‘కృషీవలుడు’లో రైతు జీవితాన్ని గానం చేసిన దువ్వూరి రామిరెడ్డిగారూ పద్యభాషను విడువలేదు. కవి తన గొంతునే ఇంటిపలుకులో వినిపించడానికి కాళోజీ నారాయణరావుగారి ‘నా గొడవ’ మనకు దగ్గరి ఉదాహరణ.

అందుచేత, మూలంలో ఇంగ్లీషు ఉన్నచోట శిష్టభాషను, స్కాట్ పలుకు ఉన్నచోట అనువాదకుడు తన ఇంటిపలుకును వాడడమే ఉచితమని తోస్తుంది. ఏ ప్రాంతపు పలుకన్న వివాదం ఇక్కడ అనవసరం. తెచ్చిపెట్టుకొన్న యాస ఏదైనా ఎబ్బెట్టుగానే ఉంటుంది. వ్యవసాయ పదాలకు కొదువ లేదు. తర్వాతి కాలంలో లక్డీకాపూల్ పొరుగున సైఫాబాదు కళాభవనంలో నెలకొన్న ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1962లోనే భద్రిరాజు కృష్ణమూర్తిగారి ‘మాండలిక వృత్తి పదకోశం’ వ్యవసాయ సంపుటాన్ని వెలువరించింది. అయినా ఒక వెలితి మిగులుతుంది. ఎలుక గూటిని చీల్చిన కత్తివంటి ఇనుప పనిముట్టు స్కాట్లండు నాగలికి కర్రు ముందు వేరుగా ఉంటుంది. మన సంప్రదాయ నాగలికి అది లేదు. కర్రు అనే సరిపెట్టుకోవాలి.