రంగు నునుపు తేలుట ఎట్లు?

సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతమున తిరుగు లారీలకు, కార్లకు లెక్క లేదు. సొట్టలు తీసి, లప్పము పెట్టి, గరుకు కాగితముతో రుద్ది రంగు కొట్టు షెడ్లు వెలిమెల వంటి ఊళ్ల వారికి పరిచితమే. ఒకే డబ్బాలోని రంగును ఇద్దరు పనివారు రెండు తలుపులకు కొట్టిరనుకొందము. ఒకటి అద్దమువలె మెరయును. రెండవది బత్తాయి తొక్కవలె గుంటలు పడును. ఈ భేదమునకు కారణమేమి?

స్ప్రే గన్ పుట్టుక వైద్యమునకు సంబంధించినది. అమెరికాలోని టొలీడో నగరమున ఆలెన్ డివిల్బిస్ అను వైద్యుడు గొంతులోనికి మందు చిమ్ము సాధనమును 1880ల దశకమున నిర్మించెను. ఆయన కుమారుడు థామస్ 1907లో దానినే రంగు కొట్టు గన్‌గా మార్చెను.

గన్ మొననుండి వేగముగా వెడలు గాలి రంగుధారను సన్నని తుంపరలుగా చీల్చును. తుంపరలు లోహముపై పడి, ఒకదానితో నొకటి కలిసి పొరయగును. అప్పుడు పొరపై మిట్టపల్లములుండును. వాటిని చదును చేయునది ద్రవము యొక్క తలతన్యత, అడ్డగించునది స్నిగ్ధత. పొర మందము రెట్టింపైనచో చదునగు వేగము 8 రెట్లగును. మిట్టల నడిమి దూరము రెట్టింపైనచో ఆ వేగము 16వ వంతునకు తగ్గును. కావుననే తుంపర సన్నగా నుండవలెను.

అట్లని మందముగా కొట్టరాదు. నిలువు తలుపుపై మందము రెట్టింపైన, క్రిందికి జారు రంగు కూడ 8 రెట్లగును. కన్నీటి చారలవలె ధారలు కట్టును. నేర్పరి ఈ రెండింటి నడుమ నడచును. గన్‌ను సుమారు 15 నుండి 20 సెంటీమీటర్ల దూరమున, తలమునకు లంబముగా నిలిపి, ఒకే వేగముతో కదలించును. ప్రతి వరుస ముందు వరుసను సగము కప్పును. మణికట్టు త్రిప్పి విసరినచో మధ్య మందము, అంచులు పలుచన యగును.

ఋతువును కూడ గమనింపవలెను. వేసవి యెండలో థిన్నరు తుంపరనుండి త్రోవలోనే ఆవిరియగును. చిక్కబడిన చుక్కలు పరచుకొనవు. అప్పుడు మెల్లగా ఆరు థిన్నరు వాడవలెను. వానకాలమున కంప్రెసరు గాలిలోని ఆవిరి చల్లారి నీరగును. దానిని వడపోయనిచో పొరపై పొక్కులు లేచును.

దీనిని తరగతిలోనే పరీక్షింపవచ్చును. రెండు గాజుపలకలపై ఆముదమును ఒకదానిపై పలుచగా, ఒకదానిపై మందముగా పూసి నిలువుగా నిలుపుడు. ఏది ముందు జారునో విద్యార్థులే చెప్పుదురు.

తలుపును చేరని తుంపర ఎక్కడికి పోవును? గాలిలో తేలి పనివాని ఊపిరితిత్తులలోనికి పోవును. నేడు వాడు రెండు భాగముల రంగులలో గట్టిపరచు ద్రవమునందు ఐసోసయనేట్లుండును; ఇవి ఉబ్బసము కలిగింపగలవు. ముక్కునకు కట్టిన రుమాలు వీటిని ఆపజాలదు. బయటి శుద్ధమైన గాలి నందించు ముసుగు, పొగమంచును లాగివేయు పంకా అవసరము. అల్పపీడన గన్‌లలో మొన వద్ద పీడనము 0.7 బార్‌ను మించదు; రంగులో 65 శాతమైనను వస్తువును చేరవలెనను ఉద్దేశముతో వాటిని రూపొందించిరి. తుంపర వృథా తగ్గినకొలది రంగు మిగులును, పనివాని ఊపిరియు నిలుచును.