దరఖాస్తు గడులలో మన కథ

పూర్వము తానెవరో చెప్పవలసివచ్చినపుడు మనుష్యుడు తన ఊరును, ఇంటిపేరును, తాతముత్తాతలను చెప్పుకొనెడివాడు. నేడు ఆ కథ యంతయు దరఖాస్తు గడులలో ఇముడవలసియున్నది. బడి మొదలు ఉద్యోగము వరకు ప్రతి కార్యాలయమును ఆ గడులనే చూచును. వానిలో పట్టనిది క్రమముగా మన మాటలలోనుండియు జారిపోవును.

ఇంటిపేరు సంగతి చూడుడు. తమిళనాట పేరునకు ముందుండు పొడియక్షరము తండ్రి పేరులోనిది. మన యాచారమున నది ఇంటిపేరులోనిది. కందుకూరి వీరేశలింగము గారి పేరులో కందుకూరను ఊరు నిలిచియున్నది. వారి తండ్రిగారు సుబ్బారాయుడు గారు. ఇచ్చటి పద్ధతిని వ్రాసినచో వారు 'సు. వీరేశలింగము' అయ్యెడివారు! తండ్రి పేరు నిలుపుట తప్పని మేమనము. కాని ఆ యక్షరము తరమునకొకసారి మారును. మనుమని నాటికి ఇంటిపేరు అడిగినను చెప్పువారుండరు.

వ్యక్తి ఏమియు చేయకయే అతని గుర్తింపు మారుటయు కలదు. 1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి ఆంధ్రప్రదేశమునుండి మద్రాసు రాష్ట్రమున చేరినది. ఇల్లు కదలలేదు, పొలము కదలలేదు. అచ్చటి తెలుగువారు మాత్రము అల్పసంఖ్యాకులైరి.

ఇక మాతృభాష గడి. "ఇంట తమిళము కలిసిపోయినది, మాకు తెలుగు చదువను రాదు, ఏమని వ్రాయుదుము?" అని కొందరు తల్లిదండ్రులు మమ్మడుగుచుందురు. జనాభా లెక్కలవారి నిర్వచనము సులభమైనది: బాల్యమున తల్లి బిడ్డతో మాటలాడిన భాషయే మాతృభాష. శైశవముననే తల్లి గతించినచో, ఆ యింట ముఖ్యముగా మాటలాడినది. చదువ వచ్చునా యని అందులో లేదు. 2011 లెక్కలలో తమిళనాట తెలుగు వ్రాయించుకొన్నవారు సుమారు 42 లక్షలు. వ్రాయించుకొననివారు ఈ లెక్కలోనికి రారు.

ఈ లెక్కతో పనియేమందురా? తరగతికి 10 మందియో, బడి మొత్తమున 40 మందియో ఉన్నచో ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించు ఉపాధ్యాయుని నియమింపవలెనని 1949లో రాష్ట్రముల విద్యామంత్రుల సమావేశము నిర్ణయించినది. 1956లో 350-ఎ అధికరణము రాజ్యాంగమున చేరినది. అట్టి కొలతలో పదవ బిడ్డ గడిలో వేరొక భాష పడినచో, నష్టము తక్కిన తొమ్మండుగురిదియు.

కావున దరఖాస్తు నింపుటకు ముందు ఇంటనున్న ముసలివారినొకసారి అడిగి రండు. బడిలోని పేరు జనన పత్రమును బట్టియే యుండును గనుక, ఇక ముందు బిడ్డలు కలుగువారు ఆ పత్రముననే ఇంటిపేరును పూర్తిగా, పొడియక్షరముగా గాక, వ్రాయించుట మేలు.